దివిటీ పట్టినోళ్లు బోర్డు కాడ ఎందుకు లేరు?

పోయిన ఏప్రిల్ 14 రాత్రి ఒక మండల కేంద్రంలో మా బృందం నాటిక వేసింది. చుండూరు మీద. 1991 ఆగస్టు 6న మనవాళ్లను పొలాల వెంట తరిమి నరికి, గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు గదా, ఆ కాలవ గట్టు మీద ఒక తల్లి కొడుకు కోసం వెతుక్కుంటూ పోయే ఘట్టం అది. డప్పు ఆగింది. స్టేజీ మీద ఆ తల్లి వేషం కట్టిన పిల్ల ఒక్కతే. మాట లేదు, పాట లేదు, వెతుకులాట ఒక్కటే. జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

అప్పుడు లైట్లు గంతులేశాయి. ఎరుపు, పచ్చ, నీలం, మళ్లీ ఎరుపు, పచ్చ, నీలం. వినాయకుణ్ణి నీళ్లలో కలిపేటప్పుడు ట్రాక్టరు మీద ఎట్టా ఎగురుతాయో అట్టా. వెనక నించి పిల్లకాయలు ఈలేశారు. ఎవడో నవ్వాడు. ఆ తర్వాత చాలామంది నవ్వారు. కొడుకు శవం కోసం వెతికే తల్లిని చూసి మన జనమే, మన వాడే నవ్వింది. తప్పు వాళ్లది కాదు. ఆ వెలుగులో ఎవరిని నిలబెట్టినా నవ్వే వస్తుంది.

నేను జనంలోంచి తోసుకుంటూ లైట్ల బల్ల కాడికి పోయాను. అక్కడ ఇరవయ్యేళ్లు కూడా లేని కుర్రాడు.

"ఏందిరా ఇది, ఆపు!"

"చప్పగా ఉంది గదా అని ఆటో నొక్కానన్నా. ఎట్టా ఆపాలో తెలవదు. ఆర్పమంటే ఆర్పుతా."

ఆర్పేశాడు. స్టేజీ మొత్తం చీకటి. ఆ చీకట్లోనే మా పిల్ల మిగతా ఘట్టం నడిపింది. ఎవరికీ కనపడలేదు.

నాటిక అయిపోయాక ఆ పిల్ల తల్లి వచ్చింది. కూలి పని ఎగ్గొట్టుకుని, రెండు బస్సులు మారి కూతురి వేషం చూద్దామని వచ్చిన మనిషి. "అమ్మాయ్, నువ్వు ఏడ కనపడ్డావే? నాకు తెల్ల చీర ఒక్కటే కనపడింది, తిరుగుతా ఉంది" అంది. లైట్లు గంతులు వేయక ముందు సంగతి ఇది. రాత్రి అని చూపించడానికి స్టేజీ అంతా నీలం వేశారు. వెనక నల్ల పరదా. పిల్ల మంచి నల్లని పిల్ల. చీర వెలిగింది, మొహం పోయింది.

ఈ రెండు దెబ్బల మీదా నెలల తరబడి ఆలోచించాను. నేననేది ఒక్కటే. మన సభల్లో, మన నాటకాల్లో, మన పాటల కచేరీల్లో లైట్ల బోర్డు కాడ మన మనిషి కూర్చోవాలి. మీటలు నొక్కే మనిషి కాదు, బోర్డుకి పాఠం చెప్పే మనిషి. ఈ మాట అంటే మన కార్యకర్తల్లోనే కొందరు మొహం చిట్లిస్తారు. వాళ్ల సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఆ కుర్రాడి సంగతి. వాణ్ణి తిట్టి లాభం లేదు. వాడు మన పల్లె పిల్లోడే. పొద్దున్నించి ఇనప గొట్టాలు మోసింది వాడు, బెల్టు లేకుండా ఇరవై అడుగులు ఎక్కి లైట్లు బిగించింది వాడు, వైర్లు గుంజింది వాడు. లైట్ల కాంట్రాక్టరు కారులో సాయంత్రం వచ్చి, బోర్డులో తను ఎప్పుడో పెళ్లిళ్ల కోసం ఎక్కించిన రంగుల ఆటలు ఉన్నాయో లేవో చూసుకుని, "ఇది ఆటో, ఇది బ్లాకౌట్, మిగతావి ముట్టుకోబాకు" అని చెప్పి వెళ్లిపోయాడు. మూడేళ్లుగా ఆ కుర్రాడు అక్కడ పని చేస్తున్నాడు. రెండు మీటలు నేర్పారు. మూడోది నేర్పితే వాడు రేపు సొంతంగా పెట్టుకుంటాడని భయం. చదువు దగ్గర మనకు జరిగింది ఇదే గదా, కొత్తేముంది!

లైటుకీ మనకీ సంబంధం ఇవాళ్టిది కాదు. ఊళ్లో దేవుడి ఊరేగింపు అయినా, దొరగారి ఇంట పెళ్లి అయినా దివిటీ పట్టింది ఎవరు? చాకలి అన్న. అది వాడి కులానికి రాసిన వెట్టి. నూనె గుడ్డ చుట్టిన దివిటీ చేతులు కాలుతున్నా దించడానికి లేదు. తర్వాత పెట్రోమాక్సు లైట్లు వచ్చాయి. అవి మన ఆడవాళ్ల నెత్తి మీదకెక్కాయి. ఇప్పటికీ పెళ్లి ఊరేగింపులో రంగు గొడుగుల్లాంటి లైట్లు నెత్తిన పెట్టుకుని, ఒకరికొకరు వైరుతో కట్టేసుకుని, జనరేటరు బండి ఎంత దూరం పోతే అంత దూరం నడిచే వాళ్ల మొహాలు చూడండి. వెలుగంతా పెళ్లికొడుకు మీద పడుతుంది. దీపం కింద చీకటి అనే సామెత పుట్టించినోడు ఎవడో గాని, ఆ చీకట్లో ఒక మనిషి నిలబడి ఉన్నాడని మాత్రం చెప్పలేదు.

లైటు ఎటు తిప్పాలి, ఎవరి మీద వేయాలి, ఎప్పుడు ఆర్పాలి అనేది మోసేవాడు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు ఆ నిర్ణయం మొత్తం ఒక చిన్న పెట్టెలోకి వచ్చి కూర్చుంది. దాని మీద ఎవరి వేళ్లు ఉన్నాయి అన్నదే నా గొడవ.

పాత కాలంలో నాటకాల్లో లైటు తగ్గించాలంటే ఉప్పునీళ్ల కుండలో రేకులు దించేవాళ్లు, పైకి తీసేవాళ్లు. తర్వాత పిడులు తిప్పే డిమ్మర్లు. అమెరికాలో న్యూయార్కు బ్రాడ్‌వే నాటకశాలల్లో కూడా బల్లలంత డిమ్మర్ల ముందు నలుగురైదుగురు నిలబడి పిడులు లాగేవాళ్లు. 1975లో 'ఎ కోరస్ లైన్' అనే నాటకానికి థారన్ మస్సర్ అనే ఆవిడ జ్ఞాపకం ఉండే బోర్డు తెచ్చింది. బ్రాడ్‌వేలో అదే మొదటిది. ఏ లైటు ఎంత వెలగాలో ఒకసారి చెప్పి దాచిపెడితే, మీట నొక్కినప్పుడల్లా అదే వెలుగు మళ్లీ వస్తుంది. అదే ప్రోగ్రామింగు. అంతకు మించి అందులో బ్రహ్మరహస్యం లేదు. బోర్డుకి సొంత బుద్ధి లేదు, జ్ఞాపకం ఉంది. ఆ జ్ఞాపకంలో ఎవడు రాస్తే వాడి ఆటే ఆడుతుంది. పెళ్లికి రాసింది మన చావు పాటకి ఆడటం అందుకే.

తర్వాత 1986లో అమెరికా నాటక సాంకేతికుల సంఘం బోర్డుకీ లైటుకీ మధ్య ఒక ఉమ్మడి భాష పెట్టింది. దాని పేరు డి.ఎం.ఎక్స్. 512. ఏ కంపెనీ బోర్డు అయినా, ఏ కంపెనీ లైటు అయినా ఇదే భాష. ఒక తీగ మీద 512 గదులు. ఒక్కో గదిలో 0 నించి 255 దాకా ఒక అంకె. 0 అంటే ఆరింది, 255 అంటే నిండుగా వెలిగింది, 127 అంటే సగం. బోర్డు ఈ అంకెలన్నీ వరసగా, సెకనుకి దాదాపు 44 సార్లు, తీగలోకి అరుస్తూ ఉంటుంది. లైటు తన గది అంకె మాత్రం విని మిగతావి వదిలేస్తుంది. ఈ భాషలో లైటు తిరిగి మాట్లాడేది లేదు. లైటు వెలిగిందో మాడిపోయిందో బోర్డుకి తెలియదు. చెప్పడమే గాని వినడం లేని పెత్తనం అది. అందుకని స్టేజీని కళ్లతో చూసే మనిషి బోర్డు కాడ ఉండి తీరాలి. మొన్న మా కుర్రాడు బోర్డుని చూస్తున్నాడు, స్టేజీని చూడలేదు.

మన మండలాల్లో లైట్ల కొట్లలో ఎక్కువగా కనపడేది చైనా నించి వచ్చే 192 గదుల చిన్న బోర్డు. 12 లైట్లకి 12 మీటలు, ఒక్కో లైటుకి 16 గదులు. పైకీ కిందకీ జరిపే స్లైడర్లు ఎనిమిదే ఉంటాయి. పేజీ మీట నొక్కితే అవే ఎనిమిది మిగతా ఎనిమిది గదులకి పనిచేస్తాయి. ఎనిమిదేసి సీన్లు ఉండే బ్యాంకులు 30, అంటే 240 సీన్లు దాచుకోవచ్చు. ఆరు చేజ్‌లు. చేజ్ అంటే సీన్లని దండలా గుచ్చి ఒకదాని వెనక ఒకటి పరిగెత్తించడం.

కరెంటు పెట్టగానే ఈ రకం బోర్డులు చాలావరకు బ్లాకౌట్‌లో నిద్రలేస్తాయి. కొత్తగా చూసినోళ్లు చెడిపోయిందని కంగారు పడతారు. బ్లాకౌట్ మీట ఒకసారి నొక్కితే సరి. సీను దాచాలంటే ప్రోగ్రాం మీట మూడు సెకన్లు అదిమి పట్టాలి, దాని లైటు మినుకుమంటుంది. ఇప్పుడు ఏ లైటు కావాలో ఆ మీట నొక్కి, స్లైడర్లతో రంగూ వెలుగూ నీకు నచ్చినట్టు పెట్టుకో. ఒకటి గుర్తుంచుకో. స్లైడరు ముందే ఆ ఎత్తున ఉంది గదా అని వదిలేయకూడదు, కదిపితేనే అంకె పడుతుంది. స్టేజీ చూసి సరే అనుకున్నాక రికార్డు మీట నొక్కి, తర్వాత సీను మీట నొక్కాలి. దీపాలన్నీ గబగబా కొట్టుకుంటాయి. దాచుకుంది అన్నమాట. మళ్లీ ప్రోగ్రాం మీట అదిమి బయటికి రావాలి. కరెంటు పోయినా ఆ సీను చెరిగిపోదు. ఇదంతా చదివితే పెద్దగా అనిపిస్తుంది గాని, చేస్తే అరగంట పని.

దీనికో లోపం ఉంది. ఒక సీను నించి ఇంకో సీనుకి మెల్లగా కరగడం ఈ చిన్న బోర్డుకి సరిగ్గా రాదు, టక్కున దూకుతుంది. తెల్లారడం చూపించాలంటే రెండు మూడు సీన్లని చేజ్‌లో గుచ్చి, వేగం స్లైడరూ ఫేడ్ స్లైడరూ బాగా నెమ్మది మీద పెట్టాలి. లేదా చేత్తోనే స్లైడరు జరుపుకోవాలి. నాకు చేత్తో జరపడమే ఇష్టం. పాటగాడు ఊపిరి ఎక్కువ తీసుకుంటే మన చెయ్యీ ఆగుతుంది. మ్యూజిక్ అని ఇంకో మీట ఉంటుంది, దాని జోలికి పోవద్దు. లోపలున్న చిన్న మైకు శబ్దం వింటే చాలు సీను మార్చేస్తుంది. అది డప్పో, నినాదమో, తల్లి గుండెలు బాదుకోవడమో దానికి తేడా తెలియదు.

ఇక లైటుకి గది నంబరు ఇవ్వాలి. కొత్త లైట్ల వెనక అంకెలు చూపించే చిన్న అద్దం ఉంటుంది, మీట నొక్కి పెట్టుకోవచ్చు. పాతవాటి వెనక వరసగా చిన్న చిన్న తెల్ల స్విచ్చిలు ఉంటాయి. ఇక్కడే చాలామంది భయపడి పారిపోతారు. మొదటి స్విచ్చి విలువ 1, రెండోది 2, మూడోది 4, తర్వాత 8, 16, 32, 64, 128, తొమ్మిదోది 256. కావలసిన అంకె వచ్చేట్టు స్విచ్చిలు కలుపుకోవాలి. కాంట్రాక్టర్ దీన్ని కంప్యూటర్ లెక్క అంటాడు, ఇంజినీరింగు చదవాలంటాడు. మా బృందంలో ఒక ముసలమ్మ ఉంది, కూలి గింజలు కుంచంతో కొలిపించుకున్న తరం మనిషి. ఆమె ముందు ఈ లెక్క చెబితే, "ఇదేముందిరా, కొలతే గదా" అంది. నిజమే! రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, రెండు కుంచాలు ఇరస, రెండు ఇరసలు తూము. గిద్ద ఒకటి అనుకుంటే తూము సరిగ్గా 256. తొమ్మిది స్విచ్చిలు, తొమ్మిది కొలతలు!

192 బోర్డు మీద మొదటి లైటు 1, రెండోది 17, మూడోది 33, నాలుగోది 49, ఇట్టా పదహారేసి పెంచుకుంటూ పోతే పన్నెండోది 177. పదిహేడు అంటే మానికా గిద్దా, కాబట్టి ఐదో స్విచ్చీ ఒకటో స్విచ్చీ వేయాలి. ముప్ఫై మూడు అంటే అడ్డా గిద్దా. నలభై తొమ్మిది అంటే అడ్డా మానికా గిద్దా. ఆసామి కొలిచేటప్పుడు కుంచం అంచు మీద ఎన్ని గింజలు వేలితో నెట్టేశాడో చూసి పట్టుకున్న ఆడవాళ్లకి ఈ లెక్క రాదా? బోర్డు మీద ఇంగ్లీషు మాటలు పదిహేను మించి లేవు. పదో తరగతి తప్పిన పిల్ల రెండు రోజుల్లో నేర్చింది. తల్లి వేషం వేసిన పిల్ల చెల్లెలే.

ఇప్పుడు మొహం సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఒంటి సంగతి.

మన చర్మం వెలుగులో ఎరుపుని ఎక్కువగానూ నీలాన్ని తక్కువగానూ తిరగ్గొడుతుంది. ఉత్త నీలం వేస్తే నల్లని మనిషి ఇంకా నల్లగా అయిపోయి వెనకున్న నల్ల పరదాలో కలిసిపోతాడు. తెల్ల గుడ్డ నీలాన్నంతా తిప్పికొడుతుంది. మా పిల్ల చీర వెలిగి మొహం పోయింది అందుకే. పచ్చ లైటు కూడా మన మొహానికి పనికిరాదు. కొట్లలో దొరికే చవక ఎల్.ఇ.డి. లైట్లలో ఎరుపు, పచ్చ, నీలం మూడే ఉంటాయి. మూడూ నిండుగా వేస్తే తెలుపు వచ్చిందంటారు గాని, ఆ తెలుపు మన ఒంటి మీద బూడిద పూసినట్టుంటుంది. ఎరుపు నిండుగా ఉంచి, పచ్చ సగానికి కొంచెం పైన, నీలం బాగా కిందకి దించి చూడండి. మొహం లేస్తుంది. పసుపు ఛాయ తెలుపు లైటు రెండు దొరికితే ముందు వైపు అవే పెట్టించాలి.

ఇంకొకటి. కనపడటం లేదంటే ముందు లైటే పెంచుతారు, అది సగం పనే. తెల్ల చొక్కా మండిపోతుంది, మొహం చదునైపోతుంది. పక్క నించి ఒకటి, వెనక పైనించి ఒకటి వేస్తే భుజాల మీద, చెంపల మీద, జుట్టు మీద గీత గీసినట్టు వెలుగు పట్టుకుంటుంది, మనిషి పరదా నించి విడిపోయి ముందుకొస్తాడు. నల్లని ఒంటికి ఆ మెరుపు వచ్చినట్టు ఇంకో ఒంటికి రాదు, నేను చూసి చెబుతున్నాను. నల్ల పరదా బదులు ఇటుక రంగుదో బూడిద రంగుదో అడగండి, లేదంటే పరదా మీదే కొంచెం వెలుగు వేయండి. రాత్రి అని చూపించాలంటే నీలం పరదా మీద వేయి, మనిషి మీద కాదు.

నలుపు కనపడకపోవడం నలుపు తప్పు కాదు. అమెరికాలో కోడాక్ కంపెనీ ఫొటో రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకి ఒక తెల్ల ఆడమనిషి బొమ్మ పంపేది. ఆ బొమ్మని షర్లీ కార్డు అనేవాళ్లు. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగు సరిగ్గా ఉన్నట్టు. నల్లవాళ్ల పిల్లల మొహాలు ఫొటోల్లో మసిగా వచ్చినా ఏళ్ల తరబడి పట్టించుకున్నవాడు లేడు. చాక్లెట్లు అమ్మేవాళ్లూ, చెక్క సామాన్లు అమ్మేవాళ్లూ తమ గోధుమ రంగులు తేడాగా పడుతున్నాయని గోల చేశాక కదిలారని ఆ కంపెనీలో పనిచేసినవాళ్లే చెప్పుకున్నారు. మనిషి మొహం అడిగినప్పుడు కాదు, కుర్చీ అడిగినప్పుడు! మన లైట్ల కొట్లో కూడా అంతే. బోర్డులో దాచిన తెలుపు ముఖ్య అతిథి మొహానికి కుదిరినది. మన గాయకుడి మొహానికి ఎవరూ ఎప్పుడూ సరిచూడలేదు.

ఆ దేశంలోనే ఇంకో షర్లీ ఉంది, తలుచుకోవాల్సిన మనిషి. షర్లీ ప్రెండర్‌గాస్ట్, నల్లజాతి ఆడమనిషి. 1967లో పెట్టిన నీగ్రో ఎన్‌సాంబుల్ కంపెనీ అనే నల్లవాళ్ల నాటక సంస్థలో పని చేసింది. 1973లో 'ది రివర్ నైజర్' నాటకానికి లైట్లు రూపొందించి, బ్రాడ్‌వేలో ఆ పని చేసిన మొదటి నల్లజాతి స్త్రీ అయింది. నల్లవాళ్లు నాటకం రాసుకున్నారు, ఆడారు, లైటు కూడా తమ చేతుల్లోకి తీసుకున్నారు. మనం వాళ్ల కవిత్వం దగ్గర ఆగిపోయాం, వాళ్ల లైటు బల్ల దాకా పోలేదు.

ఇక మన కార్యకర్తల అభ్యంతరం. "డప్పూ గొంతూ చాలు, ఈ సినిమా హంగులు మనకెందుకు? ఒక్క బల్బు కింద పాడి ఊళ్లకి ఊళ్లు లేపాం" అంటారు. లేపారు, కాదనను. వాడలో, రచ్చబండ కాడ, వీధి నాటకానికి ఏ బోర్డూ అక్కర్లేదు, తీసుకుపోవద్దు కూడా. నేను మాట్లాడేది వేలమంది జనం వచ్చే రాత్రి సభ గురించి. అక్కడ లైట్లు ఎటూ పెడుతున్నాం, డబ్బులు ఎటూ ఇస్తున్నాం. మన చందాల డబ్బుతో తెచ్చిన లైటు నాయకుడు మాట్లాడేటప్పుడు నిండు తెలుపుగా నిలబడుతుంది, పాట మొదలవగానే రంగుల డిస్కోగా ఎగురుతుంది. ఉపన్యాసం వినాల్సింది, పాట కాలక్షేపం అని ఆ బోర్డు తీర్పు చెప్పేస్తోంది. ఆ తీర్పు మనకి ఇష్టమేనా? చీకటి కూడా ఒక హంగే అనుకుంటే నేనేం చెప్పలేను.

లైటు హంగు కాదని చూపించినవాడు మన దేశంలోనే ఉన్నాడు. కలకత్తాలో తాపస్ సేన్. 1959లో మినర్వా థియేటర్లో ఉత్పల్ దత్ 'అంగార్' నాటకం ఆడించాడు, బొగ్గుగని కూలీల కథ. చివర గనిలోకి నీళ్లు ఎక్కి కూలీలు మునిగిపోతారు. స్టేజీ మీద చుక్క నీరు లేదు. తాపస్ సేన్ ఆ నీళ్లని లైటుతోనే ఎక్కించాడు. కంప్యూటర్ బోర్డు పుట్టక ముందు మాట ఇది. కూలి మనిషి చావుని జనం గుండెల్లోకి ఎక్కించడానికి లైటు పనికొచ్చింది అక్కడ. మన కాలవ గట్టు మీద ఎందుకు పనికిరాదు?

డబ్బు లేదంటారా? నేర్చుకోవడానికి బోర్డు కొనక్కర్లేదు. క్యూ.ఎల్.సి. ప్లస్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. లైటు ఒక్కటీ లేకుండానే తెర మీద బొమ్మ లైట్లు వెలిగించుకుని సాధన చేయొచ్చు. నిజం లైట్లకి కలపాలంటే యు.ఎస్.బి. నించి డి.ఎం.ఎక్స్.కి మార్చే చిన్న డబ్బీ ఒకటి కొంటే చాలు. ఇందులో ఒక సీను నించి ఇంకో సీనుకి ఎన్ని సెకన్లలో కరగాలో కూడా చెప్పుకోవచ్చు, చిన్న బోర్డుకి రాని పని అది. ఇద్దరు ముగ్గురు బృందాల వాళ్లు కలిసి ఒక డబ్బీ పెట్టుకుంటే ఎవరికీ బరువు కాదు.

అన్నిటికన్నా ముందు కాయితం. మా పిల్ల ఇప్పుడు నాటికకి ముందే కాయితం మీద రాసుకుంటుంది: ఏ మాట దగ్గర, ఏ సీను, ఎంత మెల్లగా. "కొడకా అన్న రెండోసారికి, ఏడో సీను, పది లెక్కపెట్టే లోపు." మొదట్లో ఇరవై సీన్లు రాసింది. ఆడి చూశాక తొమ్మిది మిగిలాయి. ఎక్కువ మార్చడం చేతగానితనమే అని దానికదే తెలుసుకుంది. మిణుకు మిణుకుమని కొట్టే స్ట్రోబు పూర్తిగా తీసేశాం. మూర్ఛ జబ్బు ఉన్న కొందరికి ఆ కొట్టుడు వెలుగుతో మూర్ఛ వస్తుంది, జనంలో ఎవరున్నారో మనకేం తెలుసు?

తీగల సంగతి కూడా ఆ పిల్లే పట్టుకుంది. ఒకరోజు చివరి లైట్లు రెండు ఊరికే వణుకుతున్నాయి. కొట్టువాళ్లు మైకు తీగలు వాడారు. డి.ఎం.ఎక్స్.కి వేరే తీగ ఉంటుంది. దగ్గర దూరానికి మైకు తీగతో నెట్టుకురావచ్చు గాని, దూరం పెరిగితే మాట కలగాపులగం అయిపోతుంది. వరసలో చివరి లైటు వెనక 120 ఓముల చిన్న నిరోధకం పెట్టిన పిన్ను గుచ్చాలి, లేకపోతే తీగ చివర తగిలిన మాట వెనక్కి కొట్టుకొస్తుంది. తీగని మధ్యలో చీల్చి రెండు వైపులా లాగకూడదు. ఒక లైటు నించి ఇంకో లైటుకి గొలుసులా పోవాలి.

పైకెక్కే కుర్రాళ్ల గురించి చెప్పకుండా ఆపితే నేనూ ఆ కాంట్రాక్టరు లాంటి వాణ్ణే అవుతాను. మన సభకి వచ్చి మన కళ్ల ముందు బెల్టు లేకుండా ఎక్కితే, పడితే, ఆ పాపంలో మనకీ వాటా ఉంది. ఎర్తింగు లేని జనరేటరు, వాన తడి, ఇనప గొట్టం, ఈ మూడూ ఒకచోట చేరితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ప్రతి లైటుకీ గొట్టానికి చుట్టిన రెండో గొలుసు ఉండాలి, బిగింపు ఊడినా లైటు కింద మనిషి నెత్తిన పడకుండా. పైన కరెంటు లైన్లు ఉన్నచోట గొట్టాలు నిలబెట్టనివ్వొద్దు.

వచ్చే డిసెంబరు 6 సభకి మేం ఇంకో లైట్ల కొట్టువాడితో మాట్లాడుకున్నాం. బేరం కాయితం మీద నాలుగు మాటలు రాయించాం. సభ రోజు మధ్యాహ్నం మూడింటికల్లా లైట్లు వెలిగి ఉండాలి, సీన్లు మా పిల్ల దాచుకుంటుంది. పైకెక్కే వాళ్లకి బెల్టులు ఉండాలి. పాత చేజ్‌లు చెరిపేసిన బోర్డు ఇవ్వాలి. బోర్డు ముందు కుర్చీ మాది.

మొదటి మూడింటికీ ఒప్పుకున్నాడు. నాలుగోది చదివి, "ఆడపిల్ల కూర్చుంటుందా? బోర్డు పాడైతే ఎవరిది పూచీ?" అన్నాడు. మాది అని సంతకం పెట్టాం. మొన్న రెండు మీటల కుర్రాడు కూడా వస్తానన్నాడు, పని మానేసి కాదు, కొట్టులో సెలవు పెట్టి. మూడో మీట ఏందో చూస్తాడంట.